ఎనిమిది సెకన్ల నడక

రోజు 1

దిగువపాలెం కోడ్ హాలులో, కోడ్ రాసేవాళ్లు వినే పాటలు ఎంపిక చేసే మనిషి రోజూ ఒక పుట రాసి పెట్టాలని నియమం. ఈ ఉద్యోగంలో చేరి పదకొండు నెలలైంది. ఇన్నాళ్లూ పుటకో వాక్యం చొప్పున సరిపెట్టాను: ఏ పాట వేశాను, కోడ్‌లో ఎన్ని తప్పులు దొర్లాయి. ఈ రోజు నుంచి వివరంగా రాయమని హాలు పెద్ద భానోజీ రావు గారు చెప్పారు. అరవై రోజుల్లో ఊరికి కొత్త గాలి గొట్టం వస్తోంది. ఈలోగా ఊళ్లోని గాలి బయటకు పోకుండా కాసే రెండు వందల పన్నెండు గాలి తలుపులకూ ప్రోగ్రాములు తిరగరాయాలి.

మనుషులే రాయాలి. యంత్రాలు రాసిన కోడ్‌ను గాలి తలుపుల దరిదాపులకు రానివ్వడం మా తాతల కాలంలోనే మానేశారు. ఎందుకు మానేశారో ఎగువపాలెం వెళ్లి చూస్తే తెలుస్తుంది. అక్కడిప్పుడు గాలి లేదు కాబట్టి ఎవరూ వెళ్లరు.

నా పేరు హైమావతి. నలభై తొమ్మిదేళ్లు. నన్ను ఈ ఉద్యోగంలోకి తీసుకోవడానికి ఒక్కటే కారణం, నన్ను పాట తాకదు. మణికట్టుకు తీగ చుట్టి ఇరవై పాటలు వినిపించారు. పక్క గదిలో పరీక్షకు వచ్చిన మిగతా వాళ్ల నాడి ఎగిరి పడింది. నాది కదల్లేదు. శ్రుతి తెలుస్తుంది, నడక తెలుస్తుంది, వాయించేవాడు ఎక్కడ తడబడ్డాడో తెలుస్తుంది. ఇష్టం మాత్రం కలగదు. చిన్నప్పుడు పెళ్లిళ్లలో అందరూ తలలూపుతుంటే పక్కవాళ్లను చూసి నేనూ ఊపేదాన్ని. ఇష్టమున్న మనిషికి పాటలప్పగిస్తే తనకు నచ్చింది వేసుకుంటాడు, నలభై ఒక్క మంది పని పాడవుతుంది, అందుకని ఇలాంటి మనిషిని వెతికారు. ఆకలి లేనివాణ్ణి వంటకు పెట్టుకున్నట్టు.

ఈ రోజు వేసినది వీణ, మృదంగం. తప్పులు పదకొండు.

రోజు 2

ఎంపిక ఎలా చేస్తానో రాయమన్నారు కదా, రాస్తున్నాను.

మాటలున్న పాట పనికిరాదు. నేను రాకముందు ఒకాయన పాట వింటూ ఒక కవాటానికి పల్లవిలోని అమ్మాయి పేరు పెట్టేశాడట. ఆ కవాటాన్ని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు, ఆయన భార్య తప్ప. మాటలు లేకపోయినా అందరికీ తెలిసిన వరస అయితే అదీ పనికిరాదు, మాటలు వాళ్లే లోపల పాడుకుంటారు. సన్నాయి వేస్తే ఎవరి పెళ్లో గుర్తొస్తుంది. వాన చప్పుడు వేస్తే కుర్రవాళ్లకు ఏమీ కాదు, వాన చూసిన వాళ్లు ఇప్పుడెవరూ లేరు. అయినా ముసలివాళ్లు చేతులు ఆపి కూర్చుంటారు. అన్నాలయ్యాక వేణువు ఒక్కటే వేస్తే నిద్ర. వీణ, మృదంగం, తంబురా, అప్పుడప్పుడు జలతరంగం. ఇంతే.

ఏది వేసినా నడక ఒక్కటే ఉండాలి. తాళం మొదలై తిరిగి మొదటికి రావడాన్ని మేం చుట్టు అంటాం. చుట్టుకు ఎనిమిది సెకన్లు. కొత్త పాట ఏది తెచ్చినా ఆ నడకకు సరిచేసి వేస్తాను. రోజు చివర ఒక కాగితం వస్తుంది. దాని మీద 'నడక ఎనిమిది' అని అచ్చువేసి ఉంటుంది. కింద సంతకం పెడతాను.

హాలులో గడియారం ఉండదు. గడియారం కనబడితే మనిషి ఇంటికెళ్లే వేళ చూసుకుంటాడని పెద్దలు తీసేశారు. మాట్లాడకూడదు. పాట తప్ప మరో చప్పుడు లేదు.

రోజు 5

రత్నం గురించి రాయాలి. హాలులో అందరికంటే తక్కువ తప్పులు ఆమెవే. పందొమ్మిదేళ్లుగా ఒకే సీటు. సెలవు రోజున కూడా వచ్చి హాలు గోడకు ఆనుకుని బయట కూర్చుంటుంది. ఇంటి దగ్గర పనేమీ లేదా అని ఒకసారి అడిగాను.

"ఇంటికాడ పాట లేదు గదప్పా," అంది.

ఆమెది, ఊళ్లో సగం మందిదీ పాత భూమ్మీద శ్రీకాకుళం వైపు మాట. మూడు తరాలైనా వదల్లేదు. నన్ను అప్పా అంటుంది, అంటే అక్కా అని. నాకంటే పదేళ్లు చిన్న. ఆమె మెడలో నీలం చీటీ వేలాడుతుంటుంది. దాన్ని చేతి చీటీ అంటారు. గాలి తలుపుల మీద చేయి వేసే హక్కు అది. అది పోతే ఇక రాయనివ్వరు, ఉప్పు అంతస్తుకు పంపుతారు. అక్కడ పార పట్టుకుని గోడలకు పట్టిన ఉప్పు గీకడమే పని.

రోజు 9

తప్పులు పద్దెనిమిది. నిన్న పదహారు.

భానోజీ రావు గారు నా గదిలోకి వచ్చి తలుపు వేశారు. "చూడమ్మా, రోజుకు నాలుగు తలుపులు అవ్వాలి. మూడే అవుతున్నాయి. జనం కంగారు పడుతున్నారు. నీ చేతిలో ఉన్నది ఏదో చెయ్యి," అన్నారు.

నా చేతిలో ఉన్నది జలతరంగం. వేశాను. ఇరవై.

రోజు 12

నాకు ముందు ఈ ఉద్యోగం చేసిన పరంధామయ్య గారింటికి వెళ్లాను. ఆయన రెండో వీధిలో దీపాల కింద తోటకూర పెంచుకుంటున్నారు. నడక కొంచెం తగ్గిస్తే జనం కుదురుకుంటారేమో అన్నాను.

"పాట ఏదైనా మార్చుకో. నడక జోలికి మాత్రం పోకు."

"ఎందుకు మాస్టారూ?"

ఆయన చాలాసేపు తోటకూర కాడలు గిల్లారు. "నాకు ముందున్నాయన అలా చెప్పారమ్మా. ఆయనకు ఎవరు చెప్పారో నేనడగలేదు."

రెండు కట్టలు తోటకూర ఇచ్చి పంపారు. కారణం తెలియని నియమానికి నేనెందుకు కట్టుబడాలని దారి పొడుగునా అనుకున్నాను. నాకు పాటంటే ఇష్టమూ లేదు, భయమూ లేదు. నాకున్నవి తప్పుల లెక్కలు.

రోజు 13 నుంచి 16

రోజుకు నూటికి ఒక వంతు చొప్పున నాలుగు రోజులు తగ్గించాను. ఎనిమిది సెకన్ల చుట్టు ఇప్పుడు ఎనిమిదీ మూడో వంతు. ఒకేసారి తగ్గిస్తే తెలుస్తుంది. ఇలా తగ్గిస్తే ఎవరికీ తెలియదు.

హాలులో పాత నమ్మకం ఒకటుంది. పాట ఎప్పుడూ మారదు కాబట్టి, ఎవరికైనా అది నెమ్మదిగా వినిపిస్తే మనిషి అలిసిపోయాడని అర్థం. వెంటనే లేచి విశ్రాంతి చీటీ తీసుకుని ఆ రోజుకు వెళ్లిపోవాలి. మంచి నియమమే. కానీ ఏడాదిలో మూడు చీటీలైతే చెవి నిలకడగా లేదని చేతి చీటీ లాక్కుంటారు.

ఈ నాలుగు రోజుల్లో విశ్రాంతి చీటీలు సున్నా. అంటే ఎవరికీ నెమ్మదిగా వినిపించలేదని అర్థం. రోజు చివర కాగితం వచ్చింది. 'నడక ఎనిమిది'. సంతకం పెట్టాను. అచ్చు మార్చమని అడిగితే పది మందికి చెప్పాలి.

రోజు 20

తప్పులు ఆరు. రోజుకు నాలుగు తలుపులు అవుతున్నాయి. ఎలా తగ్గాయని భానోజీ రావు గారు అడగలేదు. కూరగాయల పెంపకం గదుల నుంచి బుట్టెడు టమాటాలు పంపించారు. పచ్చడి చేశాను. ఒక్కదాన్నే కాబట్టి చాలా రోజులు వస్తుంది.

రోజు 24

భోజనాల గదిలో రత్నం నా పక్కన కూర్చుంది. అన్నం కలుపుతూ ఉంది కానీ తినడం లేదు. బల్ల కింద ఎడమచేతి బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటోంది.

"అప్పా, నువ్వు రోజూ పాట ఇంటావు గదా. నీకూ..." అని ఆగింది.

"నాకూ?"

"ఏటీ లేదు. పచ్చడి బాగుంది. మీ ఇంటిదేనా?"

అవునన్నాను. ఒంట్లో బాగుందా అని అడిగాను. బాగుందంది. విశ్రాంతి చీటీ ఏమైనా తీసుకుంటావా అంటే నీలం చీటీని గుప్పిట్లో పట్టుకుని, "ఈ ఏడు రెండైపోనాయప్పా. మాయమ్మ పోనప్పుడు తీసుకున్నాను," అంది. నేను ఇంకేమీ అడగలేదు. అన్నం తిన్నాను, చెయ్యి కడుక్కున్నాను.

రోజు 36

ఉదయం పదింటికి మూడో వీధి చివరి గాలి తలుపు దగ్గర ప్రమాదం జరిగింది.

ఆ చోట రెండు తలుపులు ఉంటాయి. బయటి తలుపు తెరుచుకుని, బయటి నుంచి మంచు తెచ్చే బళ్లను గదిలోకి రానిస్తుంది. అది మూసుకున్నాక లోపలి తలుపు వీధిలోకి తెరుచుకుంటుంది. ఈ రోజు బయటిది మూసుకోకముందే లోపలిది తెరుచుకుంది. రెండూ కలిసి ఎనిమిది సెకన్లు తెరిచి ఉన్నాయి. తర్వాత బయటిది మూసుకుంది.

లోపలి తలుపు ముందు అప్పలసూరి అనే బండి కార్మికుడు నిలబడి ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లు. బండి గొలుసు చేతికి చుట్టుకుని ఉండడం వల్ల గాలి అతన్ని బయటకు ఈడ్చుకుపోలేదు. ప్రాణం దక్కింది. రెండు చెవుల్లో కర్ణభేరులూ చిరిగిపోయాయి.

హాలులో పాట ఆపమని ఎవరూ చెప్పలేదు. రోజంతా వేశాను. వీణ. తప్పులు అయిదు.

రోజు 38

ఈ పుట పెద్దదవుతుంది.

ఊరి సభ విచారణ పెట్టింది. ముగ్గురు కూర్చున్నారు, పెద్దగా సన్యాసమ్మ గారు. బయటి తలుపును కొత్తగా రాసింది రత్నం. లోపలిది ఏళ్ల కిందటిది, దాని వంతు ఇంకా రాలేదు. బయటిది తెరుచుకున్న మూడు వందల ఇరవై సెకన్లకు మూసుకోవాలి, మూడు వందల ముప్పై మూడుకు మూసుకుంది. లోపలిది తన లెక్క ప్రకారం మూడు వందల ఇరవై అయిదుకు తెరుచుకుంది.

సన్యాసమ్మ గారు అడిగారు. "తలుపుకు వేళ ఎలా కట్టేవమ్మా?"

"అందరూ కట్టినట్టే కట్టేనండి. తలుపుల్లోవి పాత చిప్పులు. ఒకోదానికి ఒకో పరుగు. అంకె ఎంత ఏస్తే ఎన్ని సెకన్లవుతాదో ముందు తెలీదు. పరీక్ష బల్ల మీద పెట్టి, పాట ఇంటూ, నలభై చుట్లకి మూసుకునేదాకా అంకె సర్దుతాం. చుట్టుకి ఎనిమిది. నలభై ఎనిమిదులు మూడొందల ఇరవై."

గదిలో ఉన్నవాళ్లంతా అవునన్నట్టు తలాడించారు. వాళ్లందరికీ తెలుసు. నాకు తెలియదు. నేను ఒక్క వాక్యం కూడా కోడ్ రాయలేదు. హాలులో మాట్లాడకూడదు కాబట్టి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వాళ్లకు గడియారం లేదు. నా పాటే వాళ్ల గడియారం.

"ఆ రోజు పాట నెమ్మదిగా వినిపించిందా?"

రత్నం అబద్ధం చెప్పొచ్చు. చెప్పినా ఎవరూ కనిపెట్టలేరు. "ఇనిపించిందండి," అంది.

"ఎప్పట్నుంచి?"

"ఇరవై రోజులు దాటిపోనాది."

"చీటీ తీసుకోలేదే?"

"మూడోదైతే పనిలోంచి తీసేస్తారని బయపడ్డానండి. ఏళ్లు లెక్కెట్టుకుని సర్దుకుందామనుకున్నాను. సర్దుకోనేదు. నా సెవే పాడైపోనాది."

అప్పుడు సన్యాసమ్మ గారు నా వైపు తిరిగారు. ప్రతి విచారణలోనూ అడిగే ప్రశ్నే అది. "నడక?"

"ఎనిమిది," అన్నాను.

కావాలని అబద్ధం ఆడలేదు. ఏడాదిగా రోజూ సంతకం పెట్టిన మాట అది. నోట్లోంచి దానంతటదే వచ్చింది. కూర్చున్నాక లెక్క వేశాను. మూడు వందల ఇరవై మీద పదమూడు ఎక్కువ. నూటికి నాలుగు. నేను తగ్గించింది నూటికి నాలుగు. మిగతా కొత్త తలుపుల్లో ప్రమాదం ఎందుకు జరగలేదో కూడా తెలిసింది. ఆ జంటల్లో రెండు తలుపులూ ఒకేసారి రాశారు, రెండూ సమానంగా ఆలస్యం. ఇక్కడ ఒక్కటే కొత్తది.

లేచి నిలబడాల్సింది. నిలబడలేదు. రత్నం మెడలోంచి నీలం చీటీ తీయించారు. తాడు జడకు చిక్కుకుంటే తనే సర్దుకుని తీసి ఇచ్చింది. పది రోజుల్లో ఉప్పు అంతస్తుకు వెళ్లాలి. తనిఖీ అయ్యేదాకా కొత్త తలుపులన్నీ చేత్తోనే తిప్పాలన్నారు.

రోజు 39

ఆసుపత్రికి వెళ్లాను. అప్పలసూరి తలకు కట్టు కట్టి ఉంది. అతని భార్య పైడమ్మ పలక మీద రాసి చూపిస్తోంది. అతను గట్టిగా అరిచినట్టు మాట్లాడుతున్నాడు. తన గొంతు తనకు వినబడదు కాబట్టి.

నేనెవరో పైడమ్మ రాసింది. "పాటలేసే ఆవిడా? మా ఈదిలోకీ గోడలోంచి ఇనబడేదమ్మా. బండి లాగీటప్పుడు ఆ దెబ్బకే అడుగేసీవోణ్ణి," అన్నాడు.

పైడమ్మ అతని నోటి మీద చెయ్యి పెట్టి, మెల్లగా అని సైగ చేసింది. ఆవిడ నాతో, "డాట్టరు గారు ఒక సెవి కొద్దిగా రావచ్చంతన్నారు," అంది. మంచిదే అన్నాను. టమాటా పచ్చడి ఇచ్చాను.

బయటకు వచ్చి నా నాడి పట్టుకుని చూసుకున్నాను. నిమిషానికి డెబ్బై. రోజూ డెబ్బయ్యే. ఒక మనిషి చెవులు నా వల్ల పోయాయి. ఏదో ఒకటి అనిపించాలి కదా అని నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

రోజు 40

భానోజీ రావు గారికి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు.

"ఇంకెవరికి తెలుసు?"

"నాకు, మీకు, ఈ పుస్తకానికి."

"చూడమ్మా. రేపు నడక మళ్లీ ఎనిమిదికి తెచ్చెయ్యి. మామూలు తనిఖీ అని చెప్పి నువ్వు తగ్గించాక రాసిన డెబ్బై తొమ్మిది తలుపులూ మళ్లీ బల్ల మీద పెట్టిస్తాను. ఎవరికీ హాని ఉండదు. సభకు చెప్పామనుకో, పాట తీసేసి గోడకు గడియారం తగిలిస్తారు. ఈ నలభై మంది పాట లేకుండా ఒక్క వాక్యం రాయలేరు. గొట్టం ఆగిపోతుంది."

"రత్నం?"

"ఆవిడ తనే ఒప్పుకుందిగా."

ఆయన చెడ్డవాడు కాదు. చెప్పిన లెక్క కూడా తప్పు కాదు. ఆలోచించుకుంటానని వచ్చేశాను.

దారిలో రత్నం సీటు ఖాళీ చేస్తూ కనిపించింది. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కాగితం మీద సంతకం పెడుతోంది. 'నా చెవి నిలకడగా లేదని నాకు తెలుసు' అని దాని మీద ఉంది. నన్ను చూసి, "రోజూ రెండుపూటలా సుక్కలేసుకోమన్నారప్పా. నయమైతే మళ్లీ రానిస్తారేమో," అంది. చిన్న సీసా చూపించింది. బాగున్న చెవిలో ఆవిడ మందు వేసుకుంటోంది. నేను ఊరుకుంటే బతికినంత కాలం వేసుకుంటుంది.

జాలి కలిగిందని రాస్తే అబద్ధం. కానీ ఆ సీసా తప్పుడు లెక్క. తప్పుడు లెక్కను చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

రోజు 41

ఉదయం అందరూ కూర్చుని పని మొదలుపెట్టాక పాట ఆపేశాను.

హాలులో పాట ఆగడం ఎవరూ ఎరగరు. నలభై మంది చేతులు ఎత్తి కూర్చున్నారు, పిండి కలుపుతుంటే ఎవరో పిలిచినట్టు. నేను నా గదిలోంచి బయటకు వచ్చి మధ్యలో నిలబడ్డాను. భానోజీ రావు గారు గుమ్మంలో ఆగిపోయారు.

"పదమూడో రోజు నుంచి పాట నెమ్మదిగా వేస్తున్నాను. నూటికి నాలుగు వంతులు. తప్పులు తగ్గుతాయని వేశాను. మీరు దాంతో తలుపులకు వేళ కడతారని నాకు తెలియదు. రోజూ ఎనిమిది అని సంతకం పెట్టాను. విచారణలోనూ ఎనిమిదే అన్నాను. అది నిజం కాదు. రత్నం చెవి బాగానే ఉంది."

మాట్లాడకూడదన్న నియమం ఇంకా వాళ్ల మీద ఉంది. అందుకని ఇలా అడిగాను: "మీలో ఎవరికి నెమ్మదిగా వినిపించింది? చెయ్యెత్తండి."

ముందు వరుసలో కూర్మారావు గారు ఎత్తారు. ముప్పయ్యేళ్ల అనుభవం ఆయనది. తర్వాత ఆయన పక్కావిడ. తర్వాత వెనక మూల నుంచి ఇద్దరు. ఒకరినొకరు చూసుకుంటూ, నీకూనా అన్నట్టు, ఒక్కొక్కరే ఎత్తారు. లెక్కపెట్టాను. ముప్పై ఏడు.

కూర్మారావు గారు చెయ్యి దించకుండానే, "నాకు వయసు మీద పడిందనుకున్నానమ్మా. ఇంట్లో కూడా చెప్పలేదు," అన్నారు.

వెనక నుంచి ఒకావిడ ఏడుస్తున్నట్టు వినిపించింది. ఆవిడ కూడా చెల్లెలి చేత రహస్యంగా చెవి చుక్కలు తెప్పించుకుందట. ముప్పై ఏడుగురూ ఎవరి జబ్బు వాళ్లే దాచుకుని, ఇరవై ఎనిమిది రోజులు పక్కపక్కనే కూర్చున్నారు. చీటీలు సున్నా అని నేను సంతోషంగా రాసుకున్నాను.

రోజు 45

సభ తీర్పు. రత్నం చేతి చీటీ తిరిగి ఇచ్చారు. సన్యాసమ్మ గారు లేచి నిలబడి అందరి ముందూ క్షమించమ్మా అన్నారు. విశ్రాంతి చీటీలకు లెక్క పెట్టడం మానేశారు. హాలు గోడకు గడియారం తగిలించారు. పాట ఉంచాలా తీసేయాలా అన్నది హాలు వాళ్లే తేల్చుకోవాలి. కొత్త గొట్టం నెల ఆలస్యం.

డెబ్బై తొమ్మిది తలుపులకూ మళ్లీ వేళ కట్టేదాకా నేను ఉండాలి. ఏ రోజు ఎంత నడక వేశానో నాకు ఒక్కదానికే తెలుసు కాబట్టి. చివరి తలుపు అయ్యాక ఉప్పు అంతస్తుకు. పార పట్టుకోవడం కష్టమేమీ కాదంటున్నారు.

అప్పలసూరికి ఎడమ చెవి కొద్దిగా వచ్చింది. పైడమ్మ నన్ను మళ్లీ రావద్దని కబురు పంపింది. వెళ్లను.

రోజు 47

రత్నం మూడో వీధి తలుపుతోనే మొదలుపెడతానంది. పరీక్ష బల్ల దగ్గర ఆమె, పక్కన నేను. ఇప్పుడు మాట్లాడొచ్చు. నడక ఎనిమిదికి తెచ్చాను. గడియారం పెట్టి మూడుసార్లు కొలిచాను. ఎనిమిదే.

ఆమె బొటనవేలితో కణుపులు లెక్కపెడుతూ పన్నెండో చుట్టు దగ్గర ఆగిపోయింది.

"అప్పా, ఇది ఎనిమిదేనా?"

"ఎనిమిదే."

తలెత్తి గడియారం చూసింది. ఒక చుట్టు పూర్తయ్యేదాకా చూసింది. నా మాట మీద నమ్మకం ఉండాలని నేనూ అనుకోలేదు.

"నాకు గాబరాగా ఇనబడతన్నాది. తరుముతన్నట్టు."

"ఇన్నాళ్లు నెమ్మదిది విన్నావు కదా. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది."

"సర్దుకుందని నాకెలా తెలుస్తాది?"

ఆమె అంకె చెరిపి మళ్లీ వేసింది. మళ్లీ లెక్కపెట్టింది. ఈసారి తొమ్మిది దగ్గరే ఆగింది. కోపంగా ఏమీ లేదు, ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పింది. "ఇంతకుముందైతే తెలిసీదప్పా. పాట నెమ్మదిస్తే నాను అలిసిపోనానని. అమ్మ పోనప్పుడు కూడా పాటే సెప్పింది నాకు, ఇంటికెల్లిపోమని. ఇప్పుడు తేడా వస్తే నాదో దానిదో తెలీదు. ఇంటన్నంతసేపూ దాన్ని కాపలా కాసినట్టే ఉన్నాది."

మొహం వేడెక్కింది. సిగ్గు ఇలాగే ఉంటుందని విన్నాను. సిగ్గే. విచారణలో రాలేదు, అప్పలసూరి మంచం దగ్గర రాలేదు, నలభై మంది ముందు రాలేదు. పాటంటే ఇష్టం ఎలా ఉంటుందో నాకు తెలియదు. పందొమ్మిదేళ్లు అది ఈమె దగ్గర ఉందని, నేను తీసేశానని మాత్రం తెలిసింది. తిరిగి ఇవ్వడం ఎలాగో ఏ లెక్కలోనూ లేదు.

"ఆపెయ్యమంటావా?" అని అడిగాను.

రత్నం పాట వచ్చే పెట్టె వైపు చూసింది. గడియారం వైపు చూసింది.

"ఆపెయ్యప్పా," అంది.

ఆపేశాను. ఆమె గడియారం చూస్తూ తలుపుకు వేళ కట్టింది. మూడు వందల ఇరవై సెకన్లు. సరిగ్గా వచ్చింది.